పాకే వయసు నుంచి పలక పట్టే దాకా: పిల్లల్ని ఎలా ఆడించాలి, ఎలా ఆడనివ్వాలి

పెళ్లిలోనో పేరంటంలోనో ఎవరో ఒకరు "మా బుడ్డోడికి రెండున్నరేళ్లకే ఏబీసీడీలు మొత్తం వచ్చేశాయి" అంటారు. ఆ రాత్రే మనింట్లో టెన్షన్ మొదలు. ఫోను తీసి ఫ్లాష్‌కార్డులు, అక్షరాల చాపలు, 'బ్రెయిన్ డెవలప్‌మెంట్' అని రాసి ఉన్న డబ్బాలు వరసపెట్టి కార్టులో వేసేస్తాం. ఆర్డరు పెట్టే ముందు ఒక్క విషయం. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు మొత్తాన్నీ ఒకే పునాది దశగా పెట్టింది. ఆ దశలో చదువు ఆటపాటలతోనే సాగాలంది. ఒకటో తరగతికి వచ్చేది ఆరేళ్లు నిండాకే. కాబట్టి మీ చేతిలో చాలా టైముంది. ఆ టైములో ఏ వయసుకు ఏం చేయాలో, క్రెష్‌లోనో ప్లేస్కూల్లోనో వేయాల్సి వస్తే ఏం చూసుకోవాలో కింద చెప్తున్నాను.

ముందు నేల మీద కూర్చుని మీ ఇల్లు చూడండి

ఒకసారి చతికిలబడి, వీలైతే మోకాళ్ల మీద పాకుతూ గదంతా తిరగండి. సోఫా కింద రూపాయి బిళ్ల, మూత ఊడిన రిమోట్‌లో బటన్ బ్యాటరీ, టేబుల్ అంచున వేలాడే ఛార్జర్ వైరు, మంచం పక్కన పెట్టి మర్చిపోయిన మాత్రల స్ట్రిప్పు అప్పుడే కళ్లబడతాయి. వీటన్నిట్లో బటన్ బ్యాటరీ సంగతి వేరు. మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. మింగారేమోనని అనుమానం వచ్చినా సరే, ఇంట్లో వైద్యాలు పెట్టుకోకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్లాలి.

మూడేళ్లలోపు పిల్లల చేతికి మూడు నాలుగు సెంటీమీటర్ల కంటే చిన్న వస్తువేదీ ఇవ్వకండి. వేరుశనగ గింజలు, శనగలు, చింతపిక్కలు, పూసలు, పగిలిన బెలూన్ ముక్కలు, ఇవి నోట్లోకో ముక్కులోకో పోయేవే. ఇంటర్నెట్‌లో పప్పులు, గింజలతో చేయించే ఆటల వీడియోలు ముచ్చటగా ఉంటాయి కానీ అవి నాలుగేళ్ల పిల్లలకు, అదీ మీరు పక్కన కూర్చున్నప్పుడు. ఇక బాత్రూంలో నీళ్లు నింపిన బకెట్. తొంగిచూసి తలకిందులుగా పడితే జానెడు నీళ్లలో కూడా ప్రాణం పోతుంది. వాడాక బకెట్ బోర్లించేయడం, సంపు మూతకు తాళం వేయడం ఇంట్లో అందరికీ అలవాటు కావాలి.

ఇదయ్యాక ఒక మూల చాప పరచి, పిల్లలకు అందే ఎత్తులో ఒక చిన్న అర పెట్టండి. అందులో ఒకసారికి అయిదారు వస్తువులు చాలు. మిగతావి అటక మీద దాచి వారానికో పది రోజులకో మార్చండి. బుట్టెడు బొమ్మలు కుమ్మరిస్తే పిల్లలు దేనితోనూ ఆడరు, ఒక్కొక్కటీ తీసి విసిరేస్తారు. అదే బొమ్మ పది రోజులు కనబడకుండా పోయి తిరిగొస్తే కొత్తదే.

మొదటి ఏడాది: మీ ముఖమే బొమ్మ

పుట్టిన కొత్తలో బిడ్డకు స్పష్టంగా కనిపించేది సుమారు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం. పాలిస్తున్నప్పుడు అమ్మ ముఖం ఉండే దూరం అంతే. ఊయల మీద వేలాడదీసే రంగుల బొమ్మలు దానికి అవతలే ఉంటాయి చాలాసార్లు. కాబట్టి దగ్గరికి వంగి, నెమ్మదిగా రెండు మాటలు చెప్పి ఆగండి. ఆ ఆగడం ముఖ్యం. బిడ్డ పెదాలు కదుపుతుంది, కాళ్లు తన్నుతుంది, రెండో నెల దాటాక 'ఊ' అంటుంది. అప్పుడు మీరు మళ్లీ బదులివ్వండి. నీ వంతు, నా వంతు అనే సంభాషణ పాఠం అప్పుడే మొదలవుతుంది.

నూనె రాసి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసే మన పద్ధతిలో ఇదంతా ఎప్పటి నుంచో ఉంది. నాయనమ్మలు "ఇదిగో బుల్లి చెయ్యి, ఇదిగో బుజ్జి బొజ్జ" అంటూనే రాస్తారు. ఆ కబుర్లు వదలకండి. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం మాత్రం వదిలేయండి.

మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టడం రోజూ జరగాలి. ఇంకా పాకని పిల్లలకు రోజు మొత్తం మీద కలిపి కనీసం 30 నిమిషాలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మొదట్లో రెండు నిమిషాలకే ఏడుస్తారు. అప్పుడు మీరు వెల్లకిలా పడుకుని బిడ్డను మీ గుండెల మీద బోర్లా వేసుకోండి. మీ ముఖం చూడటానికైనా తల ఎత్తుతుంది. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం ఎప్పుడూ వెల్లకిలే. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు, పలుకులకు చిలకలు అని మన ఇళ్లలో పంచిపెడతారు కదా, ఆ వేడుకలు చేసుకోండి. పక్కింటి పాపకు బొబ్బట్లు ముందు అయిపోయాయని మాత్రం లెక్కలు వేసుకోకండి.

ఆరేడు నెలలకు దోబూచులాట మొదలుపెట్టొచ్చు. చీర కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని తీస్తారు, అంతే. కంటికి కనబడని మనిషి ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది అన్న సంగతి బిడ్డకు అప్పుడప్పుడే తెలుస్తూ ఉంటుంది. అందుకే ఇరవయ్యోసారి కూడా అంతే కిలకిలలు. కూర్చోవడం వచ్చాక ఒక తట్టలో చెక్క గరిట, స్టీలు గ్లాసు, మెత్తటి తువ్వాలు, గిలక్కాయ వేసి ముందు పెట్టండి. చల్లదనం, బరువు, చప్పుడు, నునుపు అన్నీ ఆ తట్టలోనే ఉన్నాయి. కొనేటట్లయితే ఏటికొప్పాక లక్క గిలకలు, బొమ్మలు చూడండి. అంకుడు కర్రతో చేసి సహజ రంగులు అద్దినవి చేతికి హాయిగా ఉంటాయి, చిన్న ముక్కలు ఊడిరానివి ఎంచుకోండి. కొండపల్లి బొమ్మలు కొలువులోనే అందం, చంటిపిల్లల నోటికి పనికిరావు. ఫ్యాక్టరీ బొమ్మలకైతే 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి అయింది, పెట్టె మీద చూసుకోండి.

కూర్చోబెట్టి తోసే వాకర్ కొనకండి. బంధువులు తెచ్చి ఇచ్చినా అటక ఎక్కించండి. అది నడక నేర్పదు, మెట్ల దాకా, స్టవ్ దాకా వేగంగా తీసుకెళ్తుంది. కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది. వెనక నిలబడి తోసుకుంటూ పోయే మన మూడు చక్రాల చెక్క బండి నయం, దాంట్లో కాళ్లకు పని ఉంటుంది.

ఏడాది నుంచి మూడేళ్లు: పారబోసే వయసు

ఈ వయసులో ఇల్లు చూస్తే ఏడుపొస్తుంది. డబ్బాలు తీస్తారు, పారబోస్తారు, విసిరేస్తారు, మళ్లీ తెమ్మంటారు. ఇందులో అల్లరి పాలు తక్కువే.

పద్నాలుగు నెలల పిల్ల వంటింట్లో కింద కూర్చుని రెండు స్టీలు డబ్బాలు ముందేసుకుందనుకోండి. పెద్ద మూత తీసి చిన్న డబ్బా మీద పెడుతుంది. జారి పడుతుంది, ఠంగుమంటుంది. ఒక క్షణం మూతకేసి, తర్వాత మీకేసి చూస్తుంది. మళ్లీ అదే మూత, అదే డబ్బా. మూడోసారికి మూత తిరగేసి పెడుతుంది. నాలుగోసారికి అనుకోకుండా పెద్ద డబ్బా మీద పెడితే అది టప్పున కూర్చుంటుంది. ఆ ముఖం చూడాలి అప్పుడు. ఇంతలో మనం "అలా కాదు నాన్నా, ఇదిగో ఇలా" అని మూత లాక్కుని పెట్టేశామా, ఆట అక్కడితో సరి. ఆ పిల్ల కనిపెట్టబోతున్నదాన్ని మనం ముందే చెప్పేశాం. ఇంకో పొరపాటు, వెంటనే పరీక్ష పెట్టడం: "ఇదేం రంగు? ఇవెన్ని? చెప్పు, చెప్పు!" ఏం చేస్తే బాగుంటుందంటే, చూసింది చూసినట్టు చెప్పండి. "ఓహో, పెద్ద మూత పెట్టావే! జారిపోయింది." ఆపైన నోరు కట్టుకుని మనసులో పది లెక్కపెట్టండి. పిల్లలు జవాబు వెతుక్కోవడానికి మనం అనుకునేదానికంటే ఎక్కువసేపు పడుతుంది.

పారబోయడం ఆపలేరు కాబట్టి దానికో చోటు ఇవ్వండి. బాల్కనీలోనో పెరట్లోనో వెడల్పాటి టబ్బులో నాలుగు వేళ్ల లోతు నీళ్లు, ఒక చెంబు, ఒక జల్లెడ, రెండు గ్లాసులు. మీరు అక్కడే కూర్చోవాలి, కూరగాయలు తరుక్కుంటూ అయినా సరే. జల్లెడలో నీళ్లు ఎందుకు నిలవడం లేదు అన్న ప్రశ్న మాట రూపంలో రావడానికి ఇంకో ఏడాది పడుతుంది, చేతుల్లో ఇప్పటికే ఉంది. చపాతీలు చేసేటప్పుడు నిమ్మకాయంత పిండి ముద్ద ఇవ్వండి. గుద్దడం, సాగదీయడం, గిల్లి ఉండలు చేయడం, తర్వాతెప్పుడో పెన్సిల్ పట్టుకోబోయే వేళ్లకు అంతకంటే మంచి కసరత్తు లేదు. ఆరేసిన బట్టల్లోంచి సాక్సు జతలు వెతకడం, బీరకాయకూ బెండకాయకూ తేడా తడిమి చూడటం, ఉల్లిపాయల బుట్ట సర్దడం, ఇంటి పనిలో వీళ్లకు పనికొచ్చేవి చాలా ఉన్నాయి. మీ పని రెట్టింపు అవుతుంది, అది నిజమే.

రోజుకు కనీసం మూడు గంటలు ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఒకేసారి కాదు, రోజంతా కలిపి. దిళ్లు ఎక్కి దూకడం, మెట్లు పట్టుకుని ఎక్కడం, సాయంత్రం వీధిలో కుక్కపిల్ల వెనక నడవడం అన్నీ అందులోకే వస్తాయి.

బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటూ "ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్లలు స్కూల్లో వెనకబడతారేమో" అని ఇంగ్లీషుకు మారిపోయేవాళ్లు ఉన్నారు. అక్కర్లేదు. రెండు భాషలు వినడం వల్ల పిల్లల మాటలు పాడవవు. మీకు హాయిగా, కథలు కథలుగా వచ్చే భాషలోనే మాట్లాడండి. బయటి భాష బయట వస్తుంది.

ఇక ఫోన్. రెండేళ్లలోపు తెర అసలు వద్దు, ఊళ్లో ఉన్న తాతయ్యకు వీడియో కాల్ వరకు పర్వాలేదు. రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట దాటకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది. నిజంగా కష్టమయ్యేది అన్నం దగ్గర. ఫోన్ చూపిస్తూ తినిపించడం అలవాటైపోతే ఒక్కరోజులో మానదు. మొదట పగటి భోజనానికి మాత్రమే తీసేయండి, అందరూ తినేటప్పుడు పక్కన కూర్చోబెట్టి వాళ్ల కంచం వాళ్లకివ్వండి, కింద పడితే పడనివ్వండి. ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పుకోవాలి. "అత్తయ్యా, వాడు ఇప్పుడు తినకపోతే గంటాగి పెడదామండీ, ఫోన్ మాత్రం ఇవ్వొద్దు" అని పిల్లాడి ముందు కాకుండా విడిగా, నెమ్మదిగా. అలా చెప్పే బాధ్యత కొడుకు తీసుకుంటే సగం గొడవలు ఉండవు.

మూడు నుంచి అయిదేళ్లు: నటన, నియమాలు, వేళ్లు

మూడేళ్లు రాగానే లక్కపిడతల కాలం. చీపురుపుల్ల థర్మామీటర్ అవుతుంది, కుర్చీలు ఆర్టీసీ బస్సు అవుతాయి. ఈ ఆటలో మీకు పిలుపొస్తే ప్రయాణికుడిగానే ఎక్కండి, డైరెక్టర్‌గా కాదు. "విజయవాడకు ఒకటిన్నర ఇవ్వండి" అని అడిగి చూడండి. కండక్టరు గారు కాగితం మీద పిచ్చిగీతలు గీసి చింపి ఇస్తారు, చిల్లర లేదంటారు, రైట్ రైట్ అంటారు. ఆ గీతలే రాతకు మొదలు, గీసిన దానికి ఒక అర్థం ఉంటుందని పిల్లాడికి తెలిసిపోయిందన్నమాట. ఆ చిల్లర లేదనడంలోనే లెక్కలూ ఉన్నాయి. మగపిల్లాడు వంటాటకు కూర్చుంటే నవ్వకండి, ఆడపిల్ల బస్సు తోలితే ఆపకండి.

నలుగురు పిల్లలు దొరికితే పాత ఆటలు బయటికి తీయండి. కాళ్లాగజ్జలో అందరూ కాళ్లు చాపి కూర్చుంటే, పాటలో ఒక్కో మాటకు ఒక్కో కాలు తడుతూ పోతారు. పాట ఏ కాలి మీద ఆగితే ఆ కాలు ముడవాలి. ఒక మాటకు ఒకే కాలు అన్న ఈ లెక్క కుదిరాకే అంకెలకు అర్థం వస్తుంది. నూరు వరకు గడగడా అప్పజెప్పి, నాలుగు బిస్కెట్లు తెమ్మంటే గుప్పెడు తెచ్చే పిల్లల్ని చూసే ఉంటారు. గుడుగుడుగుంజంలో పిడికిలి మీద పిడికిలి పెట్టి తన వంతు దాకా కదలకుండా ఉండాలి. దాగుడుమూతల్లో నవ్వొచ్చినా అణచుకోవాలి. ఒప్పులకుప్పలో ఎదుటివాళ్ల చేతులు వదలకూడదు. నాలుగేళ్ల పిల్లలకు ఆగడం, వంతు కోసం చూడటం, ఓడినా ఆటలో ఉండటం, వీటిని మించిన పాఠం లేదు. స్కూల్లో కుదురుగా కూర్చోవడం లేదని ఫిర్యాదులొచ్చే పిల్లల్లో చాలామందికి ఇలాంటి ఆటలు ఆడే చోటే దొరకదు. తొక్కుడుబిళ్ల, వామనగుంటలు అయిదేళ్లు వచ్చాక చూసుకోవచ్చు.

రాత గురించి నా మాట కాస్త గట్టిగానే చెప్తాను. మూడేళ్ల పిల్లల చేత నాలుగు గీతల పుస్తకంలో పేజీలు నింపించడం తప్పు. బాసరలోనో ఇంట్లోనో అక్షరాభ్యాసం చేయండి, ఫొటోలు తీసుకోండి, మర్నాటి నుంచి హోంవర్క్ మాత్రం మొదలుపెట్టకండి. ఆ మణికట్టు, ఆ వేళ్లు ఇంకా తయారుకాలేదు. ముగ్గు వేసేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని చారెడు బియ్యప్పిండి ఇవ్వండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలుతో చిటికెడు తీసి చుక్క పెట్టడం నేర్చుకున్న చెయ్యి తర్వాత పెన్సిల్‌ను కూడా అలాగే పట్టుకుంటుంది. చుక్కలు వంకరపోతే పోనివ్వండి. బఠాణీలు, చిక్కుడుకాయలు ఒలవడం, పూలు దండ గుచ్చడానికి అందించడం కూడా ఇదే దారి. అక్షరాల కంటే ముందు శబ్దాలతో ఆడండి. "మ తో మొదలయ్యేవి మనింట్లో ఏమున్నాయి?" అంటే మంచం, మామిడికాయ, మామ్మ అని వస్తాయి. కారులోనో బస్సులోనో వెళ్తున్నప్పుడు బాగా పనికొచ్చే ఆట ఇది.

రాత్రి పడుకునే ముందు ఒక బొమ్మల పుస్తకం. అదే పుస్తకం నెలరోజులు అడిగితే నెలరోజులూ అదే. వాళ్లకు కంఠతా వచ్చాక ఒక మాట తప్పు చదివి చూడండి, లేచి కూర్చుని మిమ్మల్ని సరిచేస్తారు.

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తే

రోజంతా ఆడించాలని రూలేం లేదు. ఇంటికి రాగానే ఫోన్ ఇంకో గదిలో పెట్టి ఇరవై నిమిషాలు నేల మీద కూర్చోండి, ఆట వాళ్లు చెప్పినట్టే సాగనివ్వండి. తర్వాత మీ పని మీరు చేసుకోవచ్చు. బోరు కొడుతోందని వస్తే వెంటనే ఏదో ఒకటి చేతిలో పెట్టకండి, కాసేపట్లో వాళ్లే ఏదో వెతుక్కుంటారు.

50 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సౌకర్యం కల్పించాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ చెప్పింది. మీ ఆఫీసులో హెచ్‌ఆర్‌ను అడగండి, అడిగేవాళ్లు లేకే చాలాచోట్ల అది కాగితం మీద ఉండిపోతుంది.

క్రెష్‌కో ప్లేస్కూల్‌కో చూడ్డానికి వెళ్తే పొద్దున్నే, అన్నీ సర్ది ఉన్నప్పుడు వెళ్లొద్దు. పదకొండు గంటలకు, పిల్లలు అలసి, ఒకరిద్దరు ఏడుస్తున్నప్పుడు వెళ్లండి. ఏడ్చే పిల్లాడి దగ్గరికి ఆయమ్మ ఎంతసేపట్లో వచ్చింది, వంగి మాట్లాడిందా, పైనుంచి గదమాయించిందా? బొమ్మలు ఎక్కడున్నాయి? పై అరలో కొత్తగా తళతళలాడుతుంటే అవి మీరు చూడ్డానికి పెట్టినవి. రంగుపోయి, చక్రం ఒకటి ఊడి, కింది అరలో ఉన్నాయంటే పిల్లలు వాటితో ఆడుతున్నారు. టీవీ మోగుతోందా, గోడల మీద అన్నీ ఒకేలా ఉన్న ఆపిల్ బొమ్మలేనా, లేక ఎవరి గీతలు వాళ్లవేనా? బాత్రూంకు పిల్లల్ని ఎవరు తీసుకెళ్తారు, సాయంత్రం మీరు కాక ఎవరైనా వస్తే ఎలా పంపుతారు, ఒక్కో ఆయమ్మకు ఎంతమంది? ఈ ప్రశ్నలకు విసుక్కునే చోటు మీకు వద్దు. ఎల్కేజీకే ర్యాంకులు చూపించి గొప్ప చెప్పుకునే చోటు అసలే వద్దు.

అంగన్‌వాడీని మధ్యతరగతి వాళ్లం చూడకుండానే పక్కన పెట్టేస్తాం. 1975 అక్టోబర్ 2న మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) కింద నడిచే ఈ కేంద్రాల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు భోజనంతో పాటు పూర్వ ప్రాథమిక విద్య కూడా ఉచితమే. 2024లో మూడేళ్లలోపు పిల్లల కోసం నవచేతన, ఆపై వయసుకు ఆధార్‌శిల అని ఆట ఆధారంగా పాఠ్య ప్రణాళికలు కూడా వచ్చాయి. అన్ని కేంద్రాలూ ఒకేలా ఉండవు, టీచరమ్మను బట్టి ఉంటుంది. మీ వీధిలోది ఒకసారి వెళ్లి చూడండి.

చేర్చేటప్పుడు మొదటిరోజు ఒక గంట, మీరూ అక్కడే. రెండోరోజు కాసేపు బయటికెళ్లి రండి. వారం పట్టినా తొందరపడొద్దు. పిల్లలు అటు తిరగ్గానే దొంగచాటుగా జారుకోవద్దు. అలా చేస్తే మర్నాటి నుంచి మీ కొంగు వదలరు. "సాయంత్రం పాలు తాగాక వస్తాను" అని చెప్పి వెళ్లండి, చెప్పిన వేళకే రండి. అమ్మ పాత చీర ముక్క ఒకటి బ్యాగులో పెడితే నిద్ర వేళకు పనికొస్తుంది.

ఆటలో ఏదైనా తేడా అనిపిస్తే

ఏ పిల్లల వేగం వాళ్లదే. అయినా కొన్నిటికి ఆగకూడదు. ఏడాది నిండినా అత్తత్త, తాతాతా లాంటి ముద్దుపలుకులు గానీ, వేలుపెట్టి చూపించడం, టాటా చెప్పడం గానీ లేకపోతే, 16 నెలలకు ఒక్క మాటైనా రాకపోతే, రెండేళ్లకు రెండు మాటలు కలిపి సొంతంగా అనకపోతే, ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోతే, పిల్లల డాక్టరుకు చూపించండి. "మగపిల్లలకు మాటలు ఆలస్యం, వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకు వచ్చాయి" అని ఇంట్లో అంటారు. అననివ్వండి, మీరు వెళ్లండి. ముందు చెవులు పరీక్ష చేయించాలి, వినబడకపోవడం వల్ల కూడా మాటలు ఆగిపోతాయి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు వచ్చే వైద్య బృందం ఇలాంటి పిల్లలను చూసి, జిల్లా స్థాయిలో ఉండే సత్వర చికిత్స కేంద్రానికి పంపుతుంది, అక్కడ ఫీజు ఉండదు.

వెళ్లే ముందు పిల్లలు ఇంట్లో మామూలుగా ఆడుకుంటున్నప్పుడు రెండు మూడు నిమిషాల వీడియో తీసి పెట్టుకోండి. డాక్టరు గదిలో చాలామంది పిల్లలు నోరు విప్పరు, అమ్మ మెడ వదలరు. పిలిస్తే తిరుగుతున్నారా, బండిని బండిలా తోస్తున్నారా లేక చక్రం మాత్రమే తిప్పుతూ కూర్చుంటున్నారా అన్నది ఆ వీడియోలోనే డాక్టరుకు కనబడుతుంది.